మూతెడు కాయమందు

ఆ పొద్దున జానయ్య తోటలో కాపు మీదున్న బత్తాయి చెట్లకు, చేతికందే ఎత్తులో ఒక్క ఆకూ తిన్నగా లేదు.

ఎండు పుల్లలు ఏరుకుందామని తోటలోకి పోయిన కోడలు కరుణ మొదటి సాలు దాటకముందే కేక పెట్టింది. కొమ్మల చివర్లు కొక్కేల్లా కిందికి వంగి ఉన్నాయి. లేత ఆకులు చచ్చిన కోడి వేళ్లలా ముడుచుకుపోయాయి. ఎవరో చెట్టును తడిబట్ట పిండినట్టు పిండి వదిలేసినట్టుంది. పొద్దెక్కేసరికి ఎర్రగుంటపల్లి ఊరు ఊరంతా తోట గట్టున నిలబడింది.

జానయ్య కొడుకు పరమేష్ ఒక ఆకు తెంపి వాసన చూశాడు. గడ్డిమందు. వరి మళ్లలో కలుపును చంపే మందు. ఎవరు కొట్టారన్న ప్రశ్న పుట్టకముందే జవాబు పుట్టింది. ఊళ్లో కూలికి మందులు కొట్టేవాడు ఇస్రాయేలు. పైగా అతనికీ జానయ్యకూ మాటల్లేవు. కిందటేడు పక్క చెలకలో ఇస్రాయేలు వేయించిన బోరులో నీళ్లు పడ్డాయి. ఆ తర్వాత కొన్నాళ్లకే జానయ్య బోరు ఎండింది. "నా నీళ్లు గుంజుకున్నడు. వాని కాలు నా తోటల పడితే ఇరగ్గొడ్త" అని జానయ్య నలుగురి ముందు ఒట్టు పెట్టుకున్నాడు.

కాలు జోలికి ఎవరూ పోలేదు. గట్టు అవతల అతని చెలకలోనే పట్టుకుని చెయ్యి విరగ్గొట్టారు. ఆ తర్వాత పోలీసు జీపు వచ్చి ఇస్రాయేలును దేవరకొండ తీసుకుపోయింది.

ఇస్రాయేలు కూతురు మల్లిక మహబూబ్‌నగర్ వైపు ఒక మండలంలో వ్యవసాయ విస్తరణ అధికారి. తల్లి పుల్లమ్మ ఫోన్ చేసినప్పుడు ఆమె ఎవరి చేనులోనో కందికొయ్యలు చూస్తోంది. స్కూటీ ఎక్కిన మనిషి దారిలో ఎక్కడా ఆగలేదు.

పోలీస్ స్టేషన్ గేటు దగ్గర పుల్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. కూలికి పోయిన చోటు నుంచి జీపు వెనకాలే పరుగెత్తి, దారిలో ఎవరిదో ఆటో ఎక్కి వచ్చిందట. లోపలికి పొమ్మని చేత్తో చూపించింది.

"ఏఈవో మేడం అంటే నువ్వేనా? ముందుగాల చెప్తే కుర్చీ ఏసెటోళ్లం గద" అన్నాడు హెడ్ కానిస్టేబుల్ నరసింహ, కుర్చీ వేయకుండానే.

ఇస్రాయేలు గోడవారన బల్ల మీద కూర్చున్నాడు. కుడిచెయ్యి తువ్వాలుతో మెడకు వేలాడుతోంది. మోచేతి కింద వాపు నిగనిగలాడుతోంది.

"దవాఖానకు తీస్కపోలేదా సార్?"

"ముందు కాయితం, ఎనక కట్టు. రూలు రూలే గద."

మల్లిక తండ్రి ముందు కూలబడింది. అతను ఆమె ముఖం వంక చూడకుండా అడిగాడు: "చెట్లెట్లున్నయి బిడ్డా?"

"నేనింకా సూడలే బాపు. నీ చెయ్యి..."

"చెయ్యి అతుకుతది. గా గుంతలు తీసింది నేనే, మొక్క నాటింది నేనే. ఏడేండ్ల చెట్లు. నేనెట్ల కొడ్తనే? యేసయ్య సాక్షి, ఈ యేడు గా గట్టు దాటలే."

"నాకు తెల్సు బాపు."

"నీకు తెల్తే సాలదమ్మా" అన్నాడు నరసింహ టీ ఊదుకుంటూ. "పొద్దుగూకె యాల్లకు ఎస్సై సారొస్తడు. అంతల జానయ్య కొడుకు కంప్లైంట్ వాపస్ తీసుకున్నా సరే, కొట్టినోడు దొరికినా సరే. లేకుంటే కేసే. రేపు కోర్టు, ఆడికెళ్లి నల్లగొండ జైలు. బువ్వ మంచిగనే పెడ్తరు లే."

మల్లిక లేచింది. సాయంత్రం దాకా సమయం ఉంది. ఎండాకాలం పొద్దు పెద్దదే. కానీ ఆమెకు అది కొవ్వొత్తిలా కరుగుతున్నట్టే ఉంది.

*

"వచ్చిందిరా మేడం! బాపు మందు కొట్టె, బిడ్డ రిపోర్టు రాయబట్టె" అన్నాడు తోట గట్టు మీద కూర్చున్న గాలయ్య. పక్కనున్న వాళ్లు నవ్వారు.

పరమేష్ నవ్వలేదు. దారికి అడ్డం నిలబడ్డాడు. "నీకు నా తోటల పనిలేదు. తిరిగి పో."

"సూడనియ్యి" అంది వెనక నుంచి కరుణ. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయింది. "పీనుగను డాక్టర్ సూస్తే పీనుగకేం పోతది?"

పరమేష్ పక్కకు జరిగాడు.

మల్లిక మొదటి చెట్టు దగ్గర ఆగింది. ఆకు ముడత చూసింది, వంగిన కొమ్మ చూసింది, తొడిమ దగ్గర పగిలిన బెరడు చూసింది. సందేహం లేదు. గడ్డిమందే. తర్వాత తలెత్తింది. పై కొమ్మలు నిటారుగా, ముదురు పచ్చగా, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉన్నాయి.

తండ్రి దగ్గర ఉన్నది ఇంజన్ స్ప్రేయర్. పొడుగు పైపు, ఇత్తడి గన్ను. చెట్టు కొసను తడపకుండా అతను చెట్టు వదలడు. దాని చప్పుడు ఊరి అవతలికి వినబడుతుంది. ఇక్కడ కొట్టింది వీపున మోసే చేతిపంపు. కొట్టినవాడు పొట్టివాడు, లేదా చెయ్యి పైకి లేవని వాడు.

"కరుణా, ఇంజన్ చప్పుడు ఎవరన్నా విన్నరా?"

"లేదక్కా. ఎవ్వలు వినలే."

మల్లిక సాలు వెంబడి నడిచింది. మధ్యలో రెండు చెట్లకు ఏమీ కాలేదు. ఆగింది. వెనక్కి వచ్చి చూసింది. ఆ రెంటికీ ఈ యేడు పూత రాలేదు, ఒక్క పిందె లేదు. తోట మూలన, చచ్చిన చెట్ల స్థానంలో నాటిన పిల్ల మొక్కలు కళకళలాడుతున్నాయి. వాటికీ కాపు లేదు.

ఆమె అక్కడే నిలబడిపోయింది.

పగబట్టినవాడు కాయ ఉన్న చెట్టునూ లేని చెట్టునూ వేరు చేస్తాడా? పిల్ల మొక్కలను మొదట చంపుతాడు. వీడు కాయ ఉన్న చెట్టునే ఎంచుకున్నాడు. వంగిన ఒక కొమ్మను పట్టుకుని చూసింది. ఆకు వాడిపోయింది, కొమ్మ వాడిపోయింది. గోలీకాయంత పిందె మాత్రం తొడిమను గట్టిగా కరుచుకుని ఉంది. లాగితే కూడా రాలేదు.

"ఏందక్కా? గట్ల నిలబడ్డవేంది?" అంది కరుణ.

"కొట్టినోడు మీ తోటను చంపాలనుకోలే కరుణా. కాయను నిలబెట్టాలనుకున్నడు."

"గడ్డిమందుతోనా?"

మల్లిక ఆ పిందెను వేళ్ల మధ్య పట్టుకునే చెప్పింది. "చెట్టుకు నోరు లేదు గానీ లోపల మాటలుంటయి. లేతకొమ్మ కొసల ఒక రసం పుడ్తది. గది కొంచెం కొంచెం కిందికి దిగుకుంట ఒక్కో జాగకు ఒక్కో పని చెప్తది. ఎండ దిక్కు వంగు అంటది. వేరు తొడుగు అంటది. పిందె కాడికొచ్చి, పట్టు విడువకు అంటది. గా మాట తక్కువైతే తొడిమ కాడ పొర తెగి పిందె రాల్తది. ఎండకు, నీళ్లు లేక, మీకు రాలింది గట్లనే."

"మరి గడ్డిమందు?"

"గడ్డిమందు గదే మాటకు దొంగ గొంతు. చెట్టుకు తేడా తెల్వది. పిసరంత పడితే, పట్టు విడువకు అన్నట్టు వినపడ్తది, కాయ నిలుస్తది. ఎక్కువ పడితే అన్ని దిక్కుల నుంచి ఒక్కసారే ఒర్లినట్టు. వంగు, పెరుగు, చీలు, తొడుగు. చెట్టు అన్నీ వింటది. పెరిగి పెరిగి చస్తది. వరిల కలుపు చచ్చేది గిట్లనే."

కరుణ నోరు తెరిచి వింది. తర్వాత, అడగక తప్పని మాట అడిగింది. "బతుకుతయా అక్కా?"

మల్లిక పై కొమ్మల వంక చూసింది. మందు కింద ఆగదు, రసంతో పాటు పైకి పోతుంది. నాలుగు రోజుల్లో ఆ కొసలూ వంగుతాయి. "నీళ్లుంటే కొన్ని బతుకుతయి. వంగిన కొమ్మలు కోసేసి, వేర్లు నానేదాక తడపాలె. ఇయ్యాల్నే మొదలు పెట్టాలె."

"మా బోరు ఎండిపాయె."

"మా బోరుందిగా. పైపు గట్టు మీదికెళ్లి గుంజుకుందాం. మా బాపు వద్దనడు. నేను చెప్త."

కరుణ తల దించుకుంది. పరమేష్ ముఖం తిప్పుకున్నాడు. గట్టు మీద గాలయ్య కూడా నవ్వడం మానేశాడు.

ఏదో అర్థమైంది. మల్లిక గట్టు దాటి తమ చెలకలోకి పరుగెత్తింది. మోటరు పైకి లాగి పడేసి ఉంది. తాడు, తీగ గొడ్డలితో నరికి ఉన్నాయి. బోరు మూతి నిండా రాళ్లు. గుండురాళ్లు, కంకర, తోటగట్టు నుంచి పీకిన సుద్దరాళ్లు, నేలకు సమంగా. ఎంత లోతు నిండాయో చూడాల్సిన పని లేదు. ఊళ్లో ఇలా పూడ్చిన బోరును తిరిగి తోడినవాడు ఇప్పటిదాకా లేడు.

చుట్టుపక్కల ఎండని బోరు అదొక్కటే. ఆ చెట్లను బతికించగల నీళ్లు ఆ రాళ్ల కింద ఉన్నాయి.

"ఎప్పుడేసిండ్రు?" అంది వెనక్కి తిరగకుండా.

"జీపు పోయినంక." పరమేష్ గొంతు నేలలోంచి వచ్చినట్టుంది. "కోపంల... నలుగురం కలిసి. నాకేం ఎరుక, గా నీళ్లే కావాలె అని?"

మల్లిక వంగింది. ఒక రాయి తీసింది. కింద ఇంకో రాయి. దాన్నీ తీసింది. మూడోది కదల్లేదు. తీసిన రాయిని చేతిలోనే పట్టుకుని అక్కడే కూర్చుంది.

*

ఆ కూర్చున్నప్పుడే ఆమెకు తండ్రి డబ్బా గుర్తొచ్చింది.

డిప్లొమా చదువుతున్న రోజుల్లో, సెలవులకు వచ్చినప్పుడు తానే నేర్పింది. పిందె రాలకుండా ఉండాలంటే గడ్డిమందు, వంద లీటర్ల నీళ్లకు ఒక్క గ్రాము. ఇస్రాయేలు పకపకా నవ్వాడు. "గ్రాము తూచేటందుకు మనం బంగారం దుకాణమోళ్లమా?" తండ్రీ కూతుళ్లు వాకిట్లో కూర్చుని తేలిక దారి కనిపెట్టారు. చెంబెడు నీళ్లలో ఒక మూత మందు. ఆ చెంబు నీళ్లలోంచి ట్యాంకుకు ఒక మూత. చెంబు నీళ్లు పోసి పెట్టుకోవడానికి ఇంట్లో మూత ఉన్న సీసా దొరకలేదు. ఖాళీ అయిన గడ్డిమందు డబ్బా కడిగి, అందులోనే పోశాడు. బొమ్మ అలాగే ఉంది, పేరు అలాగే ఉంది. లోపలున్నది మాత్రం పలచన చేసిన నీళ్లు.

అప్పటి నుంచి ప్రతి ఎండాకాలం ఇస్రాయేలు ఆ డబ్బా పట్టుకుని తోటలకు పోయేవాడు. అందరూ చూస్తుండగా ట్యాంకులో మూతెడు పోసేవాడు. పిందె నిలిచేది. దానికి కాయమందని పేరొచ్చింది, ఇస్రాయేలు చెయ్యి మంచిదని పేరొచ్చింది. చెంబు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

"జెప్పు బాపు, ఎవడన్నా తప్పు చేస్తడు" అని మల్లిక ఒకసారి పోరింది.

"జెప్తే నన్నెవడు పిలుస్తడు బిడ్డా? గీ ఊళ్లె నా వాకిట్ల నిలబడి, ఇస్రాయేలూ జర రారాదు అంటుండ్రు. గది చిన్న ముచ్చట కాదు" అన్నాడు ఇస్రాయేలు. ఆ తర్వాత మల్లిక మళ్లీ ఆ ఊసెత్తలేదు.

మరి ఆ మూతను పక్కన నిలబడి చూసినవాళ్లలో, ఇప్పుడు ఇస్రాయేలును పిలవలేనివాడు ఎవరు?

మల్లిక రాయి కింద పడేసి లేచింది. జానయ్య తోటలో మోటరు కొట్టం వైపు నడిచింది. పొద్దుటి నుంచి అంత గోల జరిగినా ముసలాయన అందులోంచి బయటికి రాలేదు. పరమేష్ ఏమీ అనకుండా వెనకే వచ్చాడు. కరుణ కూడా వచ్చింది.

కొట్టంలో పనిలేని మోటరు పక్కన జానయ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. పొట్టి మనిషి. కుడి భుజం ఎప్పుడో ఎద్దు కుమ్మి పడిపోయింది, చెయ్యి చెవి దాటి పైకి లేవదు. మూలన చేతిపంపు బోర్లించి ఉంది, ఇవాళ మళ్లీ కడిగినట్టుంది, తడి ఇంకా ఆరలేదు. తీగ మీద ఉతికిన చొక్కా వేలాడుతోంది. ఎంత ఉతికినా గడ్డిమందు వాసన అంత తొందరగా పోదు. కొట్టం నిండా అదే.

ఊరంతా అతన్ని పటేలా అంటుంది. మల్లిక తండ్రీ, తాతా కూడా అలాగే అన్నారు. ఆమె అతని ఎదురుగా నేల మీద కూర్చుని, "తాతా" అంది.

జానయ్య తలెత్తాడు.

"మా బాపు ట్యాంకుల మూతెడు పోసుడు సూసినవు. గా డబ్బాల ఏముండెనో సూడలే. దాంట్ల ఉన్నది నీళ్లు తాతా. చెంబెడు నీళ్లల్ల ఒక్క మూత మందు. గా నీళ్లే పోసెటోడు. నువ్వు దుకాణంల కొత్త డబ్బా కొన్నవు. నువ్వు పోసింది అస్సలు మందే."

ముసలాయన కళ్లు ఒక్క క్షణం మల్లిక మీద నిలిచాయి. ఆ క్షణం దాకా ఆయనకు ఎక్కడ తప్పిందో తెలియదు. తెలియడం ఆ ముఖంలో కనిపించింది, పాత గోడ మీద పెళ్ల ఊడినట్టు.

"ఏం కూస్తున్నదే ఇది? బాపూ, నువ్వేం మాట్లాడకు" అన్నాడు పరమేష్. గొంతులో కోపం లేదు, భయం ఉంది. "బాపూ, ఇంటికి నడువు."

"మా బాపు చెయ్యిరిగి బల్ల మీద కూసున్నడు తాతా" అంది మల్లిక. "కట్టు కూడా కట్టలే. పొద్దుగూకితే కేసు రాస్తరు. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు. తప్పయింది, నేనే కొట్టుకున్న అను. నీ తోటకు నువ్వు కొట్టుకుంటే నిన్నెవ్వరూ ఏం చెయ్యరు. నా బండి మీద తీస్కపోత."

బయట పొద్దు పడమటికి వాలుతోంది. జానయ్య తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకున్న తువ్వాలును నాలుగు మడతలు పెట్టాడు. మడత మీద మడత పెట్టి, దాని వంక చూస్తూనే మాట్లాడాడు.

"ఊకో పరమేషా. చెప్పనియ్యి. నేనే కొట్టిన. పిందె రాలుతాంది బిడ్డా. పొద్దుగాల పోయి సూస్తే చెట్టు కింద సాప పరిచినట్టు పిందెలు. ఈసారి కాయ నిల్వకుంటే తోట నరికి బొగ్గుకు పెడ్తనని వీడన్నడు. నీ బాపును పిలవాలె. రెండుపార్లు గట్టు దాంక పోయిన. వాడు నీళ్లు కడ్తుండె. నన్ను సూసి పార పక్కకు పెట్టి నిలబడ్డడు. పిలుస్తనేమో అనుకున్నడు గావచ్చు. నాకు నోరు రాలే. నలుగుట్ల ఒట్టు పెట్టుకున్నోన్ని, ఏం మొకం పెట్టుకొని పిలువాలె? మళ్లొచ్చిన. దేవరకొండల గదే బొమ్మ డబ్బా అడిగి తెచ్చుకున్న. ఇంట్లోళ్లు పెండ్లికి పోయిన్నాడు కొట్టిన. వాడు పోసినట్టే ట్యాంకుకు మూతెడు. జర బలంగుంటదని ఇంకో సగం మూత పోసిన. కాయున్న చెట్టు ఒక్కటి విడువలే.

"కరుణ ఒర్లంగనే నాకు తెల్సిపాయె. ఎవడు కొట్టిండు బాపూ అని వీడు అడిగిండు. నేను ఇస్రాయేలు పేరు చెప్పలే. ఎవ్వల పేరు చెప్పలే. వాళ్లే చెప్పుకున్నరు, నేను ఊకున్న. చెయ్యి ఇరిగిన సప్పుడు ఇన్న, ఊకున్న. బోరుల రాళ్లు పడుతుంటె గీడ కూసోని ఒక్కొక్క రాయి ఇన్న. ఒద్దురా అంటే, ఎందుకు ఒద్దు అని అడుగుతరు గద.

"ఠాణకు నేను రాను బిడ్డా. నువ్వు చెప్పినా ఊళ్లె ఎవ్వడు నమ్మడు, వీడు నమ్మనియ్యడు. తన తోటను తనే చంపుకున్నడు, మాదిగోన్ని పిలువలేక చంపుకున్నడు అని రేపటికెళ్లి ఊరు నవ్వుతది. మాట పడుడు నీ బాపుకు అలవాటే. నాకు అలవాటు లేదు. గీ వయసుల నేర్చుకోలేను.

"గానీ ఒక్క ముచ్చట నీ బాపుకు చెప్పు. పొద్దుటికెళ్లి గీడ కూసోని నేను గదే సూస్తున్న. చెట్టు సచ్చినా, ఒక్క పిందె రాలలే."